పరీక్ష ముగించిన సమయానికీ మార్కులకీ సంబంధం ఎలా లెక్కకట్టాలి?

అందరికీ నమస్కారం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్తాను. ఈఏపీసెట్ తరహా మాక్ టెస్టులు కంప్యూటర్ మీదే పెడతాం: 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, నెగటివ్ మార్కులు లేవు. ఎవరు ఎన్నో నిమిషంలో సబ్‌మిట్ నొక్కారో రికార్డవుతుంది. ముందే లేచిపోయేవాళ్లకి మార్కులు తగ్గుతాయని మా సార్ల గట్టి నమ్మకం. నిజమేనా అని ఎక్సెల్‌లో పియర్సన్ సహసంబంధ గుణకం (రెండు కొలతల మధ్య సరళరేఖ సంబంధం ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకె) తీస్తే దాదాపు సున్నా వచ్చింది.

అయితే స్కాటర్ ప్లాట్ (అడ్డంగా సమయం, నిలువుగా మార్కులు పెట్టి ఒక్కొక్కరికీ ఒక చుక్క వేసిన బొమ్మ) వేరే కథ చెప్తోంది. ముందే ముగించినవాళ్లలో రెండు రకాలున్నారు: అన్నీ చకచకా చేసేసినవాళ్లు, చేతులెత్తేసి ఏదో ఒక ఆప్షన్ నొక్కేసినవాళ్లు. అంటే ఎడమ వైపు మార్కులు బాగా చెదిరి ఉన్నాయి, కుడివైపుకి వచ్చేసరికి దగ్గరపడ్డాయి. స్పియర్‌మన్ గుణకం (ర్యాంకుల మీద లెక్కకట్టేది) కూడా ఒకే దిశలో సాగే సంబంధాన్నే పడుతుంది కదా, దానితో లాభం ఉండదనుకుంటా. మోడల్‌లో వర్గ పదం (సమయం స్క్వేర్) చేర్చినా సగటు వంపే తెలుస్తుంది, ఈ చెదురు తెలియదు. ఇలాంటిదానికి క్వాంటైల్ రిగ్రెషన్ (సగటుకి బదులు పై స్థాయి, మధ్య స్థాయి, కింది స్థాయి మార్కులకి విడివిడిగా గీత గీసే పద్ధతి) సరిపోతుందా?

ఇంకో చిక్కు: చాలామంది 180వ నిమిషం దాకా కూర్చుంటారు. వాళ్లకి నిజంగా ఎంత టైం కావాలో తెలియదు. వాళ్లని తీసేయకుండా ఎలా లెక్కలోకి తీసుకోవాలి?

పాత టెస్టుల సగటును కూడా మోడల్‌లో పెడదామనుకుంటున్నా, లేకపోతే తెలివైనవాళ్ల వేగమే ఫలితంలా కనిపిస్తుంది. ఒకే విద్యార్థివి చాలా టెస్టులున్నాయి కాబట్టి మిక్స్‌డ్ మోడల్ (ఒకే విద్యార్థి టెస్టులన్నీ ఒక గుంపుగా చూసి, విద్యార్థికీ విద్యార్థికీ ఉన్న తేడాని విడిగా లెక్కకట్టేది) మేలంటారా? ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో చేసినవాళ్లుంటే ఏ ప్యాకేజీ వాడాలో చెప్పండి. ముందే లేవనివ్వకూడదని రూల్ పెట్టేలా ఉన్నారు మావాళ్లు, ఆలోపు తేల్చాలి.