ఈ ఏడాది ఒక్క ప్రేమ సీరియలైనా పూర్తి చేయాలి. రాయడం మీద చెప్పే సలహాల్లో మీరు నిజంగా పాటించేవి ఏవి?

మల్లెల_మేడ
నాలుగేళ్లుగా ఒక యాప్‌లో రాస్తున్నా. మొదలుపెట్టినవి 11, శుభం కార్డు పడినవి 3. మిగతా ఎనిమిది జంటలూ ఇంకా బస్టాండులోనో వానలోనో నిలబడి ఉన్నారు, పాపం నాకే తగులుతుంది. ఈ ఏడాదికి మూడు అనుకున్నా: 60 భాగాల సీరియల్ మధ్యలో వదలకుండా ముగించడం, రోజుకి 500 పదాలు, డిసెంబరులోగా ఒక అచ్చు పుస్తకం.

ఇక సలహాలు. రోజూ రాయాలి. చెప్పొద్దు, చూపించు. తెలిసిందే రాయి. రాస్తూ దిద్దుకోవద్దు. క్రియావిశేషణాలు (మెల్లగా, ప్రేమగా లాంటివి) పీకెయ్. ఏ వీడియో చూసినా ఇవే. నిన్న 32వ భాగంలో "గా"లన్నీ పీకేసి చూశాను. ప్రపోజల్ సీను కాస్తా గవర్నమెంటు జీవోలా తయారైంది. వీటిలో ప్రేమకథలకి పనికొచ్చేవి ఏవో మీ అనుభవం చెప్పండి. అచ్చు వేయించుకున్నవాళ్లు ఖర్చు కూడా చెబితే మేలు.

సశేషం
రోజూ రాయాలని చెప్పినాయనకి పొద్దున్నే టిఫిను ఎవరో పెట్టి ఉంటారు. నేను 2022లో ఆ మాట నమ్మి రోజూ రాశాను. తెల్లారి 4:30కి లేచి, కుక్కర్ మూడో కూతలోపు ఒక భాగం. అలా 118 భాగాలు అయ్యాయి. చివరి 40 భాగాలూ హీరో ఆసుపత్రిలోనే ఉన్నాడు. అతన్ని డిశ్చార్జి చేయాలంటే కాస్త ఆలోచించాలి కదా, ఆ తీరిక నాకు లేదు. రోజూ రాస్తే రాయడం అలవాటవుతుంది, నిజమే. కథ ఎటు పోతుందో చూసుకునే అలవాటు మాత్రం తప్పిపోతుంది.

డాలస్_డైరీ
500 పదాలు అన్నారు కాబట్టి చెప్తున్నా. నవంబరు నెలలో 50,000 పదాల నవల రాసే పోటీ ఒకటి ఉండేది, నానోరైమో అని. 1999లో మొదలైంది, 2025లో మూసేస్తున్నామని ప్రకటించారు. రోజుకి 1,667 పదాలు పడితే గానీ లెక్క తేలదు. నేను రెండుసార్లు తెలుగులో ప్రయత్నించి, రెండుసార్లూ 30 వేల దగ్గర చతికిలబడ్డాను. తర్వాత బుర్రకి తట్టింది. "వెళ్లలేకపోయాననుకున్నాడు" మనకి ఒక్క పదం. ఇంగ్లీషులో ఏడెనిమిది. మన 30 వేలు వాళ్ల 50 వేలకి ఏం తీసిపోదు. కాబట్టి మల్లెల మేడ గారూ, 500 అని పెట్టుకుని కుమిలిపోకండి. 300 చాలు.

పాత_సబ్ఎడిటర్
31 ఏళ్లు వారపత్రికలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మాకు పదాల లెక్క ఉండేది కాదు, అరఠావుల లెక్క. కాగితానికి ఒకవైపే రాయాలి, మార్జిన్ వదలాలి, సొంత రచనే, అనువాదమూ అనుకరణా కాదని హామీపత్రం పెట్టాలి, తిరుగు టపాకి స్టాంపులు పెట్టాలి. స్టాంపులు లేనివి చెత్తబుట్టకే.

క్రియావిశేషణాల విషయంలో ఆ వీడియోలు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. నా ఎర్ర ఇంకు సగం "గా"ల మీదే ఖర్చయింది. "మెల్లగా నవ్వింది." నవ్వింది అంటే చాలదా?

కాకినాడ_కాజా
చాలదు సార్. మా ఇంట్లో ఆడవాళ్లు నవ్వితే వీధి చివర కుక్క లేస్తుంది. ఎలా నవ్విందో చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

అసలు ఆ సలహా ఇంగ్లీషు వాళ్లది. వాళ్లకి ఒక్కో నడకకి ఒక్కో క్రియ ఉంది. మనకి ఉన్నది ఒక్క "నడిచింది". దాని ముందు ఏం పెడతామన్నదాంట్లోనే ఉంది ప్రాణం. విసవిసా నడిచిందా, గునగునా నడిచిందా, చరచరా నడిచిందా? విసవిసా వెళ్లినమ్మాయి వెనక హీరో పరిగెత్తాలి, గునగునా వెళ్లినమ్మాయిని నిలబడి చూడాలి. రెండు వేరు సీన్లు. గబగబా, గలగలా, తళతళా, మిలమిలా అన్నీ పీకేసి ఏం రాయమంటారు, రైల్వే టైంటేబులా?

పాత_సబ్ఎడిటర్
నేను "గా" అన్నాను, "గబగబా" అనలేదు. సరిగ్గా చదవండి. ప్రేమగా చూశాడు, ఆప్యాయంగా పిలిచాడు, ఆరాధనగా నిలబడ్డాడు, లాలనగా నిమిరాడు. ఒక్క పేరాలో తొమ్మిది "గా"లు లెక్కపెట్టాను ఒకసారి. చదువుతుంటే కాకుల గుంపు వాలినట్టుంది.

కాకినాడ_కాజా
మీరు కూడా ఇప్పుడే "సరిగ్గా" చదవమన్నారు.

తెలుగు_మాస్టారు
ఇద్దరూ అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. "గబగబ" ధ్వన్యనుకరణ శబ్దం. "మెల్లమెల్లగా" అన్నచోట ఉన్నది ఆమ్రేడితం. ద్విరుక్తం యొక్క పరరూపం ఆమ్రేడితం, అంటే రెండుసార్లు వచ్చిన మాటలో రెండోది, అని చిన్నయసూరి 1858లోనే బాలవ్యాకరణంలో స్పష్టం చేశాడు. ఇక "ప్రేమగా"లో ఉన్నది నామవాచకానికి "గా" చేరి ఏర్పడిన క్రియావిశేషణం. మూడింటికీ ఒకే మందు వేయకూడదు. నేను 26 ఏళ్లు హైస్కూల్లో పాఠం చెప్పాను, ఈ పొరపాటు పదో తరగతి పిల్లలు కూడా...

సశేషం
మాస్టారూ, మేము పరీక్ష రాయట్లేదండీ.

ఓరుగల్లు_పిల్ల
"గా" గొడవ మీకు పెద్దదనిపిస్తున్నదా? నా నవల అచ్చుకు ఇచ్చిన. హీరో హన్మకొండ పిలగాడు. "జల్ది రా, బండి స్టార్ట్ చేస్తున్న" అంటడు. ప్రూఫు వచ్చినంక చూస్తే "త్వరగా రండి, వాహనాన్ని నడుపుతున్నాను" అని ఉన్నది. ఏ పబ్లిషరో చెప్పను. పల్లెలో ఉన్న ముసలవ్వ మాటల్ని మాత్రం అట్లనే ఉంచిన్రు. అంటే మా భాష నవ్వించడానికీ, ముసలోళ్లకీ పనికొస్తది గానీ ప్రేమించడానికి పనికిరాదన్నట్టు! నాకు మస్తు కోపం వచ్చింది. పైసలు కూడా వాపస్ అడగలే, ప్రతులు తీస్కపోయి అటక మీద పెట్టిన.

పాత_సబ్ఎడిటర్
పాఠకుడికి అన్ని జిల్లాల్లోనూ అర్థం కావాలమ్మా. అందుకే శిష్ట వ్యావహారికం.

ఓరుగల్లు_పిల్ల
నలభై ఏండ్ల సంది మీ రెండు జిల్లాల మాట మేము అర్థం చేసుకుంటనే ఉన్నం సార్. "జల్ది" మీకు అర్థం కాకుంటే నేర్చుకోండి.

పాత_సబ్ఎడిటర్
ఈ యాప్ రచయితలకి ఎడిటర్ అనేవాడు లేకపోవడమే అసలు జబ్బు. ఎవరికి తోచింది వాళ్లు రాసి పడేస్తున్నారు. పొద్దున రాత, మధ్యాహ్నానికి పాఠకుల మెచ్చుకోలు స్టిక్కర్లు.

సశేషం
ఇది మాత్రం పడను. ఆడవాళ్లు రాసే ప్రేమ సీరియళ్లంటే అప్పుడూ చులకనే, ఇప్పుడూ చులకనే. అరవైలు, డెబ్బైల్లో మీ వారపత్రికలు అమ్ముడుపోయింది ఎవరి సీరియళ్ల వల్ల సార్? ఆడపేరుంటే గిరాకీ అని మగవాళ్లు కూడా ఆడపేర్లు పెట్టుకుని రాసిన రోజులవి. అప్పుడు ఆ "గా"లన్నీ తియ్యగానే ఉన్నాయి కాబోలు.

పాత_సబ్ఎడిటర్
అది నేను కాదనలేదు. ఇద్దరు "శ్రీమతు"లకి నేనే మనియార్డరు ఫారాలు నింపాను, ఇద్దరికీ మీసాలుండేవి.

నిద్రలేని_రాత్రి
ఎడిటర్ లేకపోతే ఏమవుతుందో నా దగ్గర సాక్ష్యం ఉంది. పిల్లాణ్ణి భుజాన వేసుకుని వాయిస్ టైపింగ్‌లో రాస్తాను. "రాస్తూ దిద్దుకోవద్దు" అన్న సలహా తు.చ. తప్పకుండా పాటించాను. 24వ భాగం, వాన, బస్సుస్టాపు, ఇద్దరూ ఆరేళ్ల తర్వాత ఎదురుపడ్డారు. నేను చెప్పింది "వాళ్ల చూపులు కలిశాయి" అని. ఫోన్ రాసుకున్నది "వాళ్ల చెప్పులు కలిశాయి" అని. చూసుకోకుండా పెట్టేసి పడుకున్నా. తెల్లారేసరికి 43 కామెంట్లు. ఒకావిడ "ఎవరిది ఏ సైజు?" అని. ఇంకొకరు సీరియస్‌గా, "చాలా సహజంగా ఉంది మేడం, వానలో అలాగే అవుతుంది" అని.

అదే భాగానికి నా సీరియల్ మొత్తంలో ఎక్కువ రేటింగు. దిద్దాలా వద్దా అని ఇప్పటికీ తేల్చుకోలేదు.

కాకినాడ_కాజా
దిద్దొద్దు అక్కా!! మా ఆయన్ని నిద్రలేపి మరీ చదివి వినిపించా.

చదివేవాడు
నేను రాయను, చదువుతాను అంతే. రోజుకి అయిదారు భాగాలు, మెట్రోలో. "చెప్పొద్దు, చూపించు" గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నా గోడు. దయచేసి చూపించడం కాస్త తగ్గించండి. సిగ్గుపడింది అని చెప్తే ఒక్క మాటలో అయిపోతుంది. చూపించాలి కాబట్టి ప్రతి అమ్మాయీ కాలి బొటనవేలితో నేల మీద గీస్తోంది. మొన్న ఒక కథలో అమ్మాయి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు లీడ్, కాళ్లకి స్పోర్ట్స్ షూ. అయినా గీసింది! ఇంకొకామె పైటకొంగు వేలికి చుట్టుకుంది, రెండు పేరాల ముందు వేసుకున్నది జీన్సు. చూపించమంటే ఎక్కడో చూసిందే మళ్లీ చూపిస్తున్నారు.

మల్లెల_మేడ
అయ్యో, ఆ షూ కథ నాదేనేమో. 😬 సరిచేస్తాను.

డాలస్_డైరీ
ఇంకో సలహా కూడా ఉంది కదా, రాసినదాంట్లో మనకి బాగా ముద్దొచ్చే వాక్యాలనే చంపేయమని. నాకు అది పనిచేసింది. వెన్నెల మీద నేను రాసుకున్న 14 వాక్యాలు తీసేశాక సీను నడిచింది.

పాత_సబ్ఎడిటర్
ఆ మాట అమెరికా నవలాకారుడు స్టీఫెన్ కింగ్‌ది. నేను ఆయన పుస్తకం ఇంగ్లీషులోనే చదివాను.

డాలస్_డైరీ
ఆయన కూడా అన్నాడు సార్, కానీ ముందు అన్నది ఇంగ్లీషు రచయిత ఆర్థర్ క్విల్లర్-కూచ్, 1914లో కేంబ్రిడ్జిలో ఇచ్చిన ఉపన్యాసంలో. 1916లో పుస్తకంగా వచ్చాయి ఆ ఉపన్యాసాలు. తెచ్చిపెట్టుకున్న అలంకారాల గురించి చెప్తూ అన్నాడు. అంటే అందంగా ఉన్న ప్రతిదాన్నీ నరకమని కాదు.

పాత_సబ్ఎడిటర్
సరే, ఒప్పుకుంటున్నా. వెన్నెల 14 వాక్యాలా? మీకు ఆ ఊళ్లో కరెంటు పోదు కదా, వెన్నెలతో ఏం పని?

సశేషం
"తెలిసిందే రాయి" అన్నది వింటే నాకు నవ్వొస్తుంది. యద్దనపూడి గారి "సెక్రటరీ" నవలలో హీరో రాజశేఖరం లాంటి మగాడు ఆంధ్రదేశంలో ఎవరికి తెలుసు? తెలిసిన మగాణ్ణే రాయాలంటే నా హీరో తడి తువ్వాలు మంచం మీద పడేసి, క్రికెట్ స్కోరు అడుగుతాడు. దానికి ఎవరు లైకు కొడతారు?

ఓరుగల్లు_పిల్ల
నేను కొడత. తడి తువ్వాలు వాడే తీసి ఆరేసిన రోజు గురించి రాయి అక్కా, అదే క్లైమాక్స్.

మల్లెల_మేడ
నేను అడిగినవి ఐదు, "గా" మీదే సగం చర్చ అయిపోయింది. అచ్చు ఖర్చు ఒక్కరూ చెప్పలేదు. సరే, నా అసలు చిక్కు ఏ వీడియోలోనూ లేదు, ఇక్కడే అడుగుతా. నా జంట ఒకే ఆఫీసు. మొదటి భాగం నుంచీ "మీరు" అనుకుంటున్నారు. 32వ భాగంలో ప్రపోజల్. "నువ్వు"కి ఎప్పుడు మారాలి? ప్రపోజల్‌కి ముందు మారిస్తే సస్పెన్సు పోతోంది. తర్వాత మారిస్తే "మీరంటే నాకు ప్రేమ అండీ" అని ఎల్‌ఐసీ ఏజెంటులా ఉంది. ఇంగ్లీషు వాళ్లకి ఈ బాధ లేదు, ఒక్క "యూ"తో పెళ్లిదాకా వెళ్లిపోతారు.

కాకినాడ_కాజా
ముందు ఆ అబ్బాయి నోరు జారాలి. ఏదో కంగారులో, లారీ అడ్డొచ్చిందనుకో, "నువ్వు ఇటు రా!" అనేయాలి. ఇద్దరూ ఆగిపోవాలి. తర్వాత నాలుగు భాగాలు మళ్లీ "మీరు"లోకి వెళ్లిపోవాలి. పాఠకులు చచ్చిపోతారు.

తెలుగు_మాస్టారు
మా రోజుల్లో పెళ్లయ్యాక కూడా ఆవిడ "మీరు"లోనే ఉండేది. ఇప్పటికీ ఉంది. 38 ఏళ్లు. ఒక్కసారి, నాకు గుండె ఆపరేషను అయినప్పుడు, తెలివొచ్చేసరికి "లేచావా" అంది. నేను విన్నానని ఆవిడకి తెలియదు.

సశేషం
మాస్టారూ. ఇందాక పరీక్ష అన్నందుకు ఏమీ అనుకోకండి.

పాత_సబ్ఎడిటర్
మల్లెల మేడ గారూ, ఆ 32వ భాగం నాకు పంపండి. "గా"లు ముట్టుకోను. ఒక్కటీ ముట్టుకోనని మాత్రం అనట్లేదు.

చదివేవాడు
ఆ చెప్పుల సీరియల్ ఏ యాప్‌లో ఉందో ఎవరైనా చెప్తారా? రేపు మెట్రోలో చదువుకుంటా.