అప్‌డేట్: మా మూడు రంగుల ‘వీరయ్య’ ఆడపిల్లి

గత నెల ఇక్కడే అడిగాను: తిరుపతిలో మా మేడమెట్ల కింద పుట్టిన తెలుపు, నలుపు, నారింజ రంగుల పిల్లికూన మగదని పక్కింటి మామయ్య అంటున్నారు, నిజమేనా అని. నిన్న పశువైద్యుడు తోక ఎత్తి చూసి అర నిమిషంలో తేల్చేశారు, ఆడదని. మలద్వారానికి కొంచెం కిందనే జననాంగ రంధ్రం నిలువు గీతలా ఉంది. మగకూనలో ఆ ఎడం ఎక్కువట, రంధ్రం గుండ్రమట.

‘తల్లి రంగు చూడండి’ అన్నవారికి ప్రత్యేక ధన్యవాదాలు. తల్లి నలుపు. నారింజ జన్యువు ఆడ, మగ తేడా తేల్చే ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగకూనకు ఉండే ఒక్క ఎక్స్ తల్లి నుంచే వస్తుంది కాబట్టి దీని అన్నదమ్ములిద్దరూ నలుపే. దీనికి నారింజ తండ్రి ఇచ్చినదే. వీధిలో తిరిగే నారింజ గండుపిల్లి మీదే నా అనుమానం! ఆడదానికి ఉండే రెండు ఎక్స్‌లలో ఒక్కో కణంలో ఒక్కటే పనిచేస్తుంది, అందుకే ఈ అతుకుల బొంత. ఆ నారింజ జన్యువు ఏఆర్‌హెచ్‌జీఏపీ36 అని 2025లో జపాన్, అమెరికా బృందాలు ప్రకటించాయి.

తెల్లమచ్చలది వేరే జన్యువు. మూడు రంగుల మగవీ ఉంటాయి, కానీ బహు అరుదు. ఎక్కువగా అవి ఎక్స్‌ఎక్స్‌వై, అంటే రెండు ఎక్స్‌లతో పాటు మగవాటికుండే వై క్రోమోజోము కూడా ఉన్నవి; సంతానం కలగదు.

పేరు మార్చలేదు. వీరయ్య అంటేనే పలుకుతోంది.