లుంగీ గుడ్డతో ర్యాంప్ షో: అంచులు మడిచి కుట్టమంటారా, అలాగే వదిలెయ్యమంటారా?

చీరాల కుట్టుమిషన్ (ప్రశ్న)

నమస్తే అండీ. చీరాలలో బ్లౌజులు కుట్టే షాపు నాది, 22 ఏళ్లుగా. మా అక్క కూతురు హైదరాబాదులో ఫ్యాషన్ డిజైన్ చదివింది. చివరి ఏడాది షోకి ఆరు డ్రెస్సులు చెయ్యాలి. అమ్మాయి బొమ్మలు గీసింది, నేనూ మా షాపులో మాస్టరూ కుట్టాం. గుడ్డ ఏమిటనుకున్నారు? గళ్ళ లుంగీ. ఇంట్లో మా నాన్న కట్టుకునే రకమే. నాలుగు పొడుగు కోట్లు, ఒక లంగా, ఒక ప్యాంటు షర్టు సెట్టు.

కుట్టేటప్పటికి నా ప్రాణం పోయింది. గళ్ళ గుడ్డతో కోటంటే రెండు ముక్కలు కలిసేచోట గీతకి గీత అతకాలి. లుంగీ గుడ్డేమో పల్చన, మిషన్ కింద జారిపోతుంది. చంక దగ్గర ఒక్క గడి తప్పిందని మూడుసార్లు విప్పించింది. అంత పట్టింపు ఉన్న పిల్ల, కింద అంచులు మాత్రం మడవనివ్వలేదు. తురుపు లేదు, ఓవర్‌లాక్ లేదు. రెండంగుళాల మేర పేక (అడ్డ) దారాలు లాగేసి పడుగు (నిలువు) దారాలు వేలాడదీసింది. "ఇదేం సింగారమే" అంటే "చూస్తూ ఉండు పిన్నీ" అంది.

చూశాం. షోలో ముగ్గురు జడ్జీలు. ఒకావిడ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఒకాయన "పని పూర్తి కాలేదు" అని మార్కులు కోసేశాడు. మూడో ఆయన ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు గానీ బాగుందన్నాడో లేదన్నాడో మా అక్కకీ నాకూ ఇప్పటికీ తెలీదు. వీడియో ఇన్‌స్టాలో పెట్టాక అక్కడా అంతే. "ఎక్కడ దొరుకుతుంది" అని అడిగే పిల్లలు కొందరు, "మా తాత రోజూ పొలంగట్టు మీద ర్యాంప్ వాక్ చేస్తాడు" అనేవాళ్లు కొందరు. ఆ రెండోది చదివి నేనూ నవ్వాననుకోండి.

మా నాన్న 40 ఏళ్లు గుంటమగ్గం మీద నేసిన మనిషి. వీడియో చూసి ఏమీ అనలేదు. కోటు చేతికిస్తే ముందు లోపలి వైపు తిప్పి చూశాడు. ధర ఎంతన్నాడు. 14 వేలు అనగానే కోటు మంచం మీద పెట్టేసి లేచి వెళ్లిపోయాడు. నాలుగు రోజులైంది, దాని ఊసెత్తితే మాట మార్చేస్తున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. హైదరాబాదులో ఒక షాపువాళ్లు వాళ్ల ఎగ్జిబిషన్లో పెడతామన్నారు. రెండు షరతులు. అంచులు నీటుగా మడవాలి. కాటన్ వద్దు, ఇవే గళ్ళు సిల్కు మీద ప్రింటు వేయించి కుట్టాలి, అప్పుడే కస్టమరు ఆ ధర ఇస్తుందట. పిల్ల ఏడుపు. మా అక్క "వచ్చిన అవకాశం, చేసెయ్యమను" అంటోంది. కుట్టాల్సింది నేనే కాబట్టి నా మాటకి కొంచెం విలువుంటుంది. ఏం చెప్పమంటారు?

బెజవాడ రాజు

అక్కా ఏమనుకోవద్దు. మా వీధి చివర కొట్లో లుంగీ 350. దానికి చేతులు పెట్టి 14 వేలా? నాన్నగారు లేచి వెళ్లిపోవడంలో తప్పేం లేదు.

చీరాల కుట్టుమిషన్

తమ్ముడూ, అది మిల్లు లుంగీ. ఇది చేనేత, ఒక్కోటి 650. గళ్ళు కలపాలంటే గుడ్డ వృథా అవుతుంది, కోటుకి నాలుగు లుంగీలు పట్టాయి. అంటే 2600. అస్తరు, గుండీలు 900. మాస్టరుకి ఐదు రోజుల కూలి 4 వేలు. 7500 దగ్గర తేలింది. మిగతాది షాపువాళ్ల కమీషనూ, పిల్ల కష్టమూ. ఎక్కువే అని నాకూ అనిపిస్తుంది, కాదనను.

కత్తెర టేపు

నేను కటింగ్ క్లాసులు చెప్తాను. మీరు రాసింది చదువుతుంటే పిల్లలకి చెప్పే ఒక పాత గొడవ గుర్తొచ్చింది.

1992 నవంబరు, న్యూయార్క్. మార్క్ జేకబ్స్‌కి 29 ఏళ్లు, పెర్రీ ఎలిస్ అనే పెద్ద కంపెనీలో డిజైనరు. అప్పట్లో సియాటిల్ కుర్రాళ్లు పాటల బ్యాండ్లు పెట్టుకుని పాత గళ్ళ ఫ్లానెల్ చొక్కాలు, చిరుగు ప్యాంట్లు వేసుకు తిరిగేవాళ్లు. గ్రంజ్ అనేవాళ్లు దాన్ని. ఈయన ఆ వేషాన్నే ర్యాంప్ ఎక్కించాడు. నవోమీ క్యాంప్‌బెల్, కేట్ మాస్ లాంటి పెద్ద మోడళ్లకి గళ్ళ చొక్కాలు, ఉన్ని టోపీలు, మొరటు బూట్లు. సూజీ మెంకెస్ లాంటి పేరున్న విమర్శకులు ఛీ కొట్టారు. కొన్ని నెలలకే ఉద్యోగం పోయింది. అమెరికా డిజైనర్ల సంఘం మాత్రం 1992కి ఉత్తమ మహిళా దుస్తుల డిజైనరు అవార్డు ఆయనకే ఇచ్చింది. 1997లో లూయీ విటాన్ అనే పెద్ద ఫ్రెంచి కంపెనీకి వెళ్లాడు. 2018లో అవే డ్రెస్సులు మళ్లీ కుట్టించి సొంత పేరు మీద అమ్మాడు.

ఇంతవరకూ అందరూ చెప్పే కథే. నేను పిల్లలకి చెప్పేది ఇంకోటి ఉంది. ఆయన రెండు డాలర్లకి కొన్న ఫ్లానెల్ చొక్కాని ఇటలీ పంపించి, ఆ గళ్ళు పట్టు మీద అచ్చు వేయించాడు. చూడ్డానికి పాత చొక్కా, ముట్టుకుంటే పట్టు. అందుకే రెండు వైపులా తిట్లు పడ్డాయి. డబ్బున్నవాళ్లకి "ఈ చింకి గుడ్డకి ఇంత ధరా" అని కోపం. ఇక ఆ వేషం ఎవరిదో వాళ్లకి, ఆ పాటల కర్ట్ కొబేన్‌కీ ఆయన భార్య, తనూ పాటగత్తే అయిన కోర్ట్నీ లవ్‌కీ కొన్ని పంపిస్తే, తగలబెట్టేశామని ఆవిడే తర్వాత చెప్పింది.

మీ పిల్ల గుడ్డ మార్చలేదు. లుంగీని లుంగీగానే ఉంచి, పనితనమంతా గళ్ళు కలపడంలో పెట్టింది. షాపువాళ్లు అడుగుతున్నది సరిగ్గా ఆ ఇటలీ పనే. అది చేస్తే రేపు మీ ఊళ్లో నేతగాడి గుడ్డ ఒక్క గజం కూడా అందులో ఉండదు, బొమ్మ మాత్రమే ఉంటుంది. నన్నడిగితే సిల్కు వద్దు. అంచుల సంగతి మాత్రం "పని పూర్తి కాలేదు" అన్న జడ్జి అనుమానం నాకూ ఉంది. చెయ్యాల్సింది చేసి వదలడం వేరు, చెయ్యకుండా వదలడం వేరు. ఫొటో చూడనిదే మీది ఏ రకమో చెప్పలేను.

వేటపాలెం మగ్గం

అక్కా, మనది పక్క ఊరే. దారాలు లాగడం కొత్త పిచ్చి అనుకోకండి, మన గుడ్డకి అది ఎప్పుడో జరిగింది.

చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద గజం చదరం గళ్ళ రుమాళ్లు నేసి ఆఫ్రికా పంపేవాళ్లు కదా. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అని పేరు. నేసింది మనం, పేరు మద్రాసుది, అది వేరే బాధ. ఆ గుడ్డ నైజీరియాలో కలబారీ అనే జనం దగ్గరికి చేరేది. వాళ్లు దాన్ని ఇంజిరి అంటారు. అక్కడి ఆడవాళ్లు ఏం చేస్తారంటే, సూదితో ఒక్కో దారాన్నీ పైకెత్తి బ్లేడుతో కోసి లాగేస్తారు. కొన్ని గీతలు పోయి గుడ్డ మధ్యలో వలలాగా కొత్త డిజైను తేలుతుంది. పెలెటె బీటె అంటారు దాన్ని. పెద్ద పెద్ద వేడుకలకి ఆ కోసిన గుడ్డే కట్టుకుంటారు, కోయనిదానికంటే దానికే గౌరవం.

మా తాతకి ఇది తెలిసుంటే గుండె ఆగిపోయేది. మనం ఒక్క పోగు తెగితే అతుక్కుంటూ నేసేది, వాళ్లు కూర్చుని తెంపేది. కానీ ఒకటి, వాళ్లు గుప్పెట్లో పట్టి లాగరు. లెక్కపెట్టి తీస్తారు. నాన్నగారికి ఈ ముక్క చెప్పి చూడండి.

స్టాల్ నంబర్ 9

ఎగ్జిబిషన్లు తిరిగే మనిషిని, రెండు ముక్కలు. ఆ దారాలు మొదలయ్యే చోట గుడ్డ రంగు నూలుతో ఒక వరస సన్న కుట్టు వెయ్యండి. లేకపోతే నాలుగు ఉతుకులకి మోకాలి దాకా ఊడి వస్తుంది, కస్టమరు మీ పిల్లని తిడుతుంది. పైనుంచి ఆ కుట్టు కనపడదు. ఇంకోటి, కోటు కుట్టేముందు గుడ్డ తడిపి ఆరేశారా? లుంగీ గుడ్డ దగ్గరపడిందంటే అస్తరు బయటికొస్తుంది. కమీషను ఎంతో కాగితం మీద రాయించుకోండి. నాకు తగిలిన దెబ్బలన్నీ అక్కడే.

చీరాల కుట్టుమిషన్

అందరికీ థాంక్సండీ. గుడ్డ తడిపే కుట్టాం, ఆ మాత్రం తెలుసు. కుట్టు వరస సంగతి మాత్రం నాకు తట్టలేదు, సిగ్గేసింది.

వేటపాలెం తమ్ముడు రాసింది నిన్న రాత్రి అన్నం తిన్నాక నాన్నకి చదివి వినిపించాను. ఆఫ్రికా రుమాళ్లు ఆయనకి బాగా తెలుసు, కుర్రతనంలో నేశాడు. కోసి కట్టుకుంటారని మాత్రం ఇప్పుడే విన్నాడు. "మళ్లీ చదువు" అన్నాడు. చదివాను. కోటు తెమ్మన్నాడు. కళ్లజోడు పెట్టుకుని అంచు లైటు దగ్గర పట్టుకుని, "ఎవరు లాగారిది? ఇక్కడ నాలుగు పోగులు ఎక్కువ పోయాయి, ఇక్కడ తక్కువ. గీత వంకర పోలేదూ?" అన్నాడు. నిజమే, వంకరే. గళ్ళు కలపడానికి మూడుసార్లు విప్పించిన పిల్లకి అది కనపడలేదు, నాకూ కనపడలేదు. దబ్బనం తెచ్చుకుని కూర్చున్నాడు. పడుకునేటప్పటికి పదకొండయింది, ఒక పక్క అంచు సరిచేసి తువ్వాలు కుచ్చులకి వేసినట్టు చిన్న ముడులు కూడా వేశాడు. ముడులు పిల్లకి నచ్చుతాయో లేదో. ఆదివారం వస్తోంది, వాళ్లిద్దరూ తేల్చుకుంటారు.

సిల్కు చెయ్యనని షాపువాళ్లకి చెప్పెయ్యమన్నాను. మా అక్క నాతో మాట్లాడ్డం లేదు.

14 వేల సంగతి మాత్రం తెగలేదు. "కుట్టినవాడికి 4 వేలన్నావు, నేసినవాడికి ఎంత ముట్టింది?" అన్నాడు నాన్న. ఆ లుంగీలు మేము బజార్లో కొట్లో కొన్నాం, ఎవరు నేశారో అడగలేదు. రేపు పొద్దున్నే ఆ కొట్టుకి వెళ్తున్నాను.