లిఫ్టు పైకే పోతున్నా బరువు తగ్గినట్లు ఎందుకు చూపుతుంది?

ప్రశ్న (హనుమకొండ, ఇంటర్ మొదటి సంవత్సరం):

మేముండే అపార్ట్‌మెంటు లిఫ్టులో ముల్లు తిరిగే బరువు మిషన్ పెట్టి, దానిపై నిలబడి కింది నుంచి ఐదో అంతస్తు దాకా వెళ్లి చూశాను. నా బరువు 60 కిలోలు. లిఫ్టు కదలగానే ముల్లు 63 దాకా పోయి, మళ్లీ 60కి వచ్చి, మధ్య అంతస్తులు దాటుతున్నంతసేపూ అక్కడే నిలిచింది. ఐదో అంతస్తులో ఆగబోయే ముందు మాత్రం 57కి పడిపోయింది. దిగేటప్పుడు దీనికి తలకిందులుగా, మొదట 57, ఆగే ముందు 63 చూపింది. లిఫ్టు పైకి పోతే బరువు పెరుగుతుందని, కిందికి వస్తే తగ్గుతుందని మా నోట్సులో ఉంది. అలాంటప్పుడు పైకి పోతూనే తగ్గడం ఎలా సాధ్యం? మిషనే తప్పు చూపుతోందా సార్?

జవాబు (జూనియర్ కాలేజీ అధ్యాపకుడు, వరంగల్):

మిషన్ సరిగ్గానే చూపుతోంది. మీ నోట్సులోని వాక్యమే సగంలో ఆగిపోయింది. లిఫ్టు ఎటు పోతోందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, దాని త్వరణం, అంటే వేగం మారే తీరు, ఎటు ఉందన్నదే లెక్క. పైకి పోతున్న లిఫ్టు వేగం తగ్గించుకుంటున్నప్పుడు దాని త్వరణం కిందివైపు ఉంటుంది. కిందికి వస్తున్న లిఫ్టు ఆగబోతున్నప్పుడు త్వరణం పైవైపు ఉంటుంది. అందుకే ఎక్కేటప్పుడు చివర్లోనూ, దిగేటప్పుడు మొదట్లోనూ మీకు ఒకే 57 కనిపించింది.

బరువు మిషన్ భూమి మిమ్మల్ని ఎంత లాగుతోందో కొలవదు. మీ పాదాలు దాన్ని ఎంత నొక్కుతున్నాయో, అంటే అది మిమ్మల్ని పైకి ఎంత నెడుతోందో మాత్రమే కొలుస్తుంది. పుస్తకాల్లో అభిలంబ ప్రతిచర్య అనేది ఈ నెట్టుడునే. లిఫ్టు నిలిచి ఉన్నా, ఒకే వేగంతో పోతున్నా ఈ నెట్టుడు మీ భారానికి సమానం: 60ని గురుత్వ త్వరణం 9.8తో గుణిస్తే 588 న్యూటన్లు. లిఫ్టు సెకనుకు అర మీటరు చొప్పున వేగం పుంజుకుంటూ పైకి బయలుదేరినప్పుడు, మీ శరీరానికి కూడా అదే త్వరణం కావాలి. దాన్ని ఇవ్వగలిగింది కాళ్ల కింది పళ్లెం ఒక్కటే కాబట్టి అది 588కి అదనంగా మరో 30 న్యూటన్లు నెట్టాలి. మొత్తం 618. మిషన్ తయారు చేసినవారు న్యూటన్లను 9.8తో భాగించి కిలోలుగా ముద్రించారు కాబట్టి ముల్లు 63 దగ్గర ఆగుతుంది. త్వరణం కిందివైపు ఉంటే ఆ 30 తీసేయాలి. 558 న్యూటన్లు, అంటే దాదాపు 57. మీ ద్రవ్యరాశి గానీ, భూమి మిమ్మల్ని లాగే బలం గానీ ఈ మొత్తం ప్రయాణంలో మారలేదు. మారినది దృశ్య భారం, అంటే మిషన్‌పై కనిపించే భారం మాత్రమే. పరీక్షలో రాసేటప్పుడు ముందుగా త్వరణం దిశను బాణం గుర్తుతో గీసుకోండి. మార్కులు పోయేది ఎక్కువగా అక్కడే.

జవాబు (కిరాణా వ్యాపారి, జనగామ):

మిషన్‌కు బదులు పాతకాలపు తరాజు, కిలో బాట్లు లిఫ్టులోకి తీసుకుపోతే ఏ తేడా కనిపించదు. సరుకు ఉన్న పళ్లేనికీ, బాటు ఉన్న పళ్లేనికీ ఒకే త్వరణం వర్తిస్తుంది కాబట్టి కాడ సమంగానే నిలుస్తుంది. స్ప్రింగు కాటా మాత్రం మారుతుంది. ఇక లిఫ్టు తాడు తెగి స్వేచ్ఛగా పడితే మిషన్ సున్నా చూపుతుంది. అంతరిక్షంలో గురుత్వం ఉండదు కాబట్టి వ్యోమగాములు తేలడం కూడా ఇటువంటిదే అనుకుంటాను.

జవాబు (అధ్యాపకుడు):

తరాజు సంగతి చక్కగా చెప్పారు. చివరి మాటను మాత్రం సవరించుకోవాలి. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దగ్గర భూమి ఆకర్షణ నేలమీది దానిలో దాదాపు 89 శాతం ఉంటుంది. కేంద్రమూ, అందులోని మనుషులూ ఒకే త్వరణంతో భూమి వైపు పడుతూనే, పక్కకు పోయే వేగం వల్ల నేలను తాకకుండా చుట్టూ తిరుగుతుంటారు. నేల పాదాలను నెట్టదు కాబట్టి భారం తెలియదు. 1984లో సోవియట్ అంతరిక్ష కేంద్రం శాల్యూత్-7లో రాకేశ్ శర్మ తేలియాడింది కూడా ఈ కారణంతోనే. ఆకర్షణే లేకపోతే ఆ కేంద్రం కక్ష్యలో నిలవక, నేరుగా వెళ్లిపోతుంది.

జవాబు (గోదావరిఖని):

బొగ్గుబాయిలోకి మనుషులను దింపే పంజరం వంటి లిఫ్టుకు ఈ లెక్క ప్రాణాలతో ముడిపడిన విషయం. పంజరం, లోపలి మనుషులు కలిపి 5 టన్నులనుకుంటే, నిలిచి ఉన్నప్పుడు తాడుపై పడే బలం 49,000 న్యూటన్లు. కిందికి దిగుతుండగా సెకనుకు 2 మీటర్ల చొప్పున వేగం తగ్గేలా బ్రేకు వేస్తే అది 59,000కు పెరుగుతుంది. దిగేటప్పుడు తాడుకు శ్రమ తక్కువని చాలామంది అనుకుంటారు గానీ, దిగుతూ ఆపేటప్పుడే అది ఎక్కువ. పైకి లాగేటప్పుడు మరొక ప్రమాదం ఉంది: బ్రేకు 9.8 కంటే ఎక్కువ త్వరణంతో పడితే పంజరం తన వేగంతో పైకే పోతుంది, తాడు వదులవుతుంది. పంజరం తిరిగి పడి తాడు బిగిసినప్పటి కుదుపు మామూలు లెక్కలకు అందదు. అందుకే తాడును మోసే బరువుకు అనేక రెట్లు తట్టుకునేలా ఎంచుకుంటారు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. మా స్నేహితుని ఇంట్లోని డిజిటల్ మిషన్‌తో ప్రయత్నిస్తే అంకె కదలనే లేదు. ఎందుకు?

జవాబు (అధ్యాపకుడు):

చాలా డిజిటల్ మిషన్లు కొద్ది క్షణాల సగటు తీసి, అంకె స్థిరపడగానే దాన్ని పట్టి ఉంచుతాయి. లిఫ్టు కుదుపు ఆ లోపే దాటిపోతుంది. ఫోనులోని త్వరణమాపకాన్ని చూపే ఏదైనా యాప్ తెరిచి, ఫోనును లిఫ్టు నేలపై వెల్లకిలా పడుకోబెట్టండి. నిలిచి ఉన్నప్పుడు 9.8, బయలుదేరేటప్పుడు సుమారు 10.3 చూపాలి. గ్రాఫులో 9.8 గీతకు పైన ఏర్పడిన గుట్ట వైశాల్యం లిఫ్టు పుంజుకున్న వేగానికి సమానం. అర మీటరు త్వరణం 2 సెకన్లు నిలిస్తే సెకనుకు 1 మీటరు. ఆగేటప్పుడు గీత కింద ఏర్పడే గుంట వైశాల్యం ఆ గుట్టకు సమానంగా వచ్చిందో లేదో కొలిచి ఇక్కడ రాయండి.