అమ్మను యూకేకి డిపెండెంట్‌గా తెచ్చుకోవచ్చా? నాన్న పోయారు, అమ్మ ఒక్కతే ఉంది

లెస్టర్ నుంచి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చి 14 నెలలైంది. జనవరిలో నాన్న పోయారు. అమ్మకు 71 ఏళ్లు, జగిత్యాలలో ఒక్కతే ఉంటోంది. షుగర్ ఉంది, మోకాళ్లు అరిగాయి. పోయిన నెల బాత్రూంలో జారిపడితే పాలు పోసే అబ్బాయి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. నేను ఒక్కణ్ణే కొడుకుని. నా భార్యలాగే అమ్మను కూడా నా వీసా మీద పెట్టొచ్చా? ఏ ఫారం, ఎంత జీతం చూపించాలి? టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

రెడింగ్ నుంచి

తమ్ముడూ, నాన్నగారి సంగతి చదివి బాధేసింది. నీ ప్రశ్నకు సూటిగా జవాబు: పెట్టలేవు. స్కిల్డ్ వర్కర్ వీసాకు డిపెండెంట్లంటే భార్య లేదా భర్త, 18 ఏళ్లలోపు పిల్లలు. జీతం ఎంతున్నా తల్లిదండ్రులకు అందులో చోటు లేదు. వాళ్లకున్న దారి వేరే, దాని పేరు అడల్ట్ డిపెండెంట్ రిలేటివ్. మనలాంటి వాళ్లు దానికి అప్లై చేయాలంటే ముందు ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) గానీ బ్రిటిష్ పాస్‌పోర్ట్ గానీ చేతికి రావాలి. మనమంతా 5 ఏళ్లకు ఐఎల్ఆర్ అనుకుని వచ్చాం. 2025 మేలో ఇక్కడి ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రంలో దాన్ని 10 ఏళ్లు చేస్తామని ప్రతిపాదించారు, కాబట్టి ఆ వార్తల మీద ఓ కన్నేసి ఉంచు.

ఈలోపు విజిట్ వీసా మీద పిలిపించుకో. ఒక్కటి గుర్తుంచుకో, 12 నెలల్లో 6 నెలలకు మించి ఉండకూడదని రూల్ ఉంది.

ఈస్ట్‌హామ్ నుంచి

పిల్లాణ్ణి ఇంత భయపెట్టడం దేనికి? మేం 2009లో మా అత్తగారిని తెచ్చుకున్నాం. ఆవిడకు అప్పుడు 67. విజిట్ మీద వచ్చారు, ఇక్కడ ఉండగానే అప్లై చేశాం, వచ్చేసింది. 65 దాటిన తల్లి, భర్త లేడు, మనం పంపే డబ్బు మీదే బతుకుతోంది అని చూపించాలి, అంతే. బాబూ, నువ్వు ప్రతి నెలా పంపే డబ్బుకు రసీదులు దాచు. ఐఎల్ఆర్ రాగానే అమ్మను పిలిపించి ఇక్కడే వేసెయ్.

మిల్టన్ కీన్స్ నుంచి

బాబాయిగారూ, మీ మాట కాదంటున్నానని ఏమీ అనుకోకండి. మీరు చెప్పింది మీ రోజుల్లో నిజమే. 2012 జూలై 9 నుంచి ఆ రూల్ లేదు. ఇప్పుడు అమ్మ ఇండియాలో ఉండగానే అప్లై చేయాలి. విజిట్ మీద వచ్చి ఇక్కడ ఈ వీసాకు మారడం కుదరదు. మీ మాట నమ్మి ఎవరైనా తల్లిని తీసుకొచ్చి కూర్చోబెడితే గడువు దాటిపోయి ఆవిడ రికార్డే పాడవుతుంది. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

తమ్ముడూ, నువ్వు జీతం ఎంత చూపించాలని అడిగావు. అది అడగాల్సిన ప్రశ్న కాదు. ఇక్కడ డిపెండెంట్ అంటే మన డబ్బు మీద ఆధారపడటం కాదు. వయసు వల్లో జబ్బు వల్లో స్నానం, బట్టలు కట్టుకోవడం, వంట లాంటి రోజువారీ పనులకు ఎప్పటికీ ఇంకో మనిషి చెయ్యి కావాలి. ఆ మనిషి అక్కడ దొరకనైనా దొరకకూడదు, లేదా నువ్వు ఇక్కణ్ణుంచి డబ్బు పంపినా ఆ ఖర్చు భరించలేనిదై ఉండాలి. ఈ రెండో ముక్క దగ్గరే మన కేసులన్నీ పోతున్నాయి. అమ్మ ఇక్కడికొచ్చాక 5 ఏళ్లు ప్రభుత్వ సాయం లేకుండా పోషిస్తానని నువ్వు రాసివ్వాలి, అంటే డబ్బుందని చూపించాలి. ఆ డబ్బే చూసి, అక్కడే మనిషిని పెట్టుకోవచ్చు కదా అంటారు. కాబట్టి కేసును 'ఖర్చు భరించలేం' అనే దాని మీద కాదు, 'మనిషి దొరకడం లేదు' అనే దాని మీద కట్టాలి.

మా అమ్మ సంగతి చెబుతాను, ఓపికగా చదువు. అమ్మది తెనాలి. పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. ఎడమచేత్తో కుచ్చిళ్లు పెట్టుకోలేక, జీవితంలో మొదటిసారి నైటీలకు మారింది. వీడియో కాల్‌లో నాకు కనపడకుండా పైన తువ్వాలు కప్పుకునేది. 2019లో మొదటిసారి అప్లై చేశాం. డాక్టరుగారు నాలుగు లైన్ల లెటర్ ఇచ్చారు: వృద్ధురాలు, పక్షవాతం, బీపీ, పిల్లల తోడు అవసరం. పక్కింటి పిన్నిగారు మంచి మనసుతో ఒక లెటర్ రాశారు, మేమంతా ఆవిణ్ణి కంటికి రెప్పలా చూసుకుంటున్నాం, కానీ కూతురి దగ్గరుంటే మనశ్శాంతి అని. అది చదివి నాకు కళ్లనీళ్లు తిరిగాయి, ఫైల్‌లో అన్నిటికన్నా పైన పెట్టాను.

రిజెక్షన్‌లో సరిగ్గా ఆ లెటర్‌నే పట్టుకున్నారు. ఇరుగుపొరుగు బాగా చూసుకుంటున్నారు, ఇంతకుముందు జీతానికి మనిషిని పెట్టుకున్నారు, మళ్లీ పెట్టుకోవచ్చు అన్నారు. డాక్టర్ లెటర్‌లో ఏ పనికి ఎంత సాయం కావాలో లేదన్నారు. కట్టిన ఫీజు తిరిగి రాలేదు. ఇప్పుడు ఆ ఫీజు 3 వేల పౌండ్ల పైనే. పిన్నిగారికి ఈ సంగతి నేను ఇప్పటికీ చెప్పలేదు.

28 రోజుల్లో ట్రిబ్యునల్‌కు అప్పీల్ చేశాం. ఈసారి ఫిజియోథెరపిస్ట్ వచ్చి అమ్మను పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చూసి రిపోర్ట్ రాశారు. మంచం మీంచి లేవడానికి ఎవరు ఏ చేయి పట్టుకోవాలి, రాత్రి ఎన్నిసార్లు లేపాలి, తినేటప్పుడు ముద్ద కలిపి పెట్టాలా వద్దా, అన్నీ. 11 నెలల్లో నలుగురు మనుషులు మారారు. ఎవరు ఎప్పుడు చేరారు, ఎందుకు మానేశారు అనేది ఒక కాగితం మీద రాశాం. ఒకమ్మాయి పండక్కి ఊరెళ్లి తిరిగి రాలేదు. ఆ మూడు రోజులూ అమ్మ మజ్జిగ తాగి ఉండిపోయింది. హోమ్ కేర్ ఏజెన్సీ నుంచి తెనాలికి రాత్రి మనుషుల్ని పంపలేమని లెటర్ తెచ్చాం. 2021లో గెలిచాం.

రెడింగ్ నుంచి

అక్కా, నీ పోస్టు ప్రింట్ తీసి పెట్టుకోవాలి. ఓల్డ్ ఏజ్ హోమ్‌లో పెట్టొచ్చుగా అంటే ఏం చెప్పాలని చాలామంది అడుగుతున్నారు. దానికి, ఈ రూల్‌ని సవాలు చేసిన బ్రిట్‌సిట్స్ కేసులో 2017లో కోర్ట్ ఆఫ్ అపీల్ ఇచ్చిన తీర్పు చదవాలి. రూల్‌ని మాత్రం కొట్టేయలేదు. అయితే సంరక్షణ అంటే తిండీ మందులే కాదు, మనసుకు కావాల్సినది కూడా లెక్కలోకి వస్తుందని అన్నారు. కాకపోతే దాన్ని డాక్టరే రాయాలి. 'మా అమ్మ దిగులు పడుతోంది' అని మనం రాస్తే చెల్లదు.

స్లౌ నుంచి

పైన 12 నెలల్లో 6 నెలలు అన్నారు, అలాంటి లెక్క రూల్స్‌లో ఎక్కడా లేదు. ఒక్కోసారికి 6 నెలలు అన్నది నిజం. కానీ మాటిమాటికీ వస్తూ ఇక్కడే కాపురం ఉంటున్నట్టు కనిపించకూడదు అని ఉంది. మా నాన్న 5 నెలలు ఉండి వెళ్లి రెండు నెలలకే మళ్లీ వస్తే ఎయిర్‌పోర్టులో గంటన్నర కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. రిటర్న్ టికెట్, అక్కడి పెన్షన్ కాగితాలు చూపించాకే వదిలారు.

ఇంకోటి, అమ్మ పర్మనెంట్‌గా వచ్చినా 5 ఏళ్లు ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం) ఉండదు. ఇన్సూరెన్స్ డబ్బు పక్కన పెట్టుకో.

రెడింగ్ నుంచి

6 నెలల విషయం ఒప్పుకుంటున్నాను. మేమంతా ఆ లెక్కే పాటించాం కాబట్టి అది రూల్ అనుకున్నాను. కానీ ఎన్‌హెచ్‌ఎస్ గురించి మీరు చెప్పింది తప్పు. 5 ఏళ్లు తీసుకోకూడనివి పెన్షన్ క్రెడిట్, అటెండెన్స్ అలవెన్స్, కౌన్సిల్ ఇల్లు లాంటి ప్రభుత్వ సాయాలు. ఎన్‌హెచ్‌ఎస్ ఆ జాబితాలో లేదు. ఐఎల్ఆర్ ఉన్న కొడుకు దగ్గరికి ఈ వీసా మీద వచ్చి స్థిరపడితే అందరిలాగే జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గర చూపించుకోవచ్చు. ఇన్సూరెన్స్ కావాల్సింది విజిట్ మీద వచ్చినప్పుడు. అప్పుడు ఆసుపత్రిలో చేరితే మామూలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు.

ఈస్ట్‌హామ్ నుంచి

అమ్మా మిల్టన్ కీన్స్, 2012 సంగతి నాకు తెలియదు. తెలియక రాశాను. మా అత్తగారు ఇక్కడే పోయారు, పదేళ్లు మా మధ్యే ఉన్నారు. మీ తరానికి ఇంత కష్టమవుతుందనుకోలేదు.

మిల్టన్ కీన్స్ నుంచి

అయ్యో, అంత మాటెందుకు బాబాయిగారూ.

తమ్ముడూ, నిన్ను బాధపెట్టే మాట ఒకటి చెప్పాలి. నువ్వు రాసినదాన్ని బట్టి అమ్మ తన పనులు తనే చేసుకుంటోంది. రేపే నీకు ఐఎల్ఆర్ వచ్చినా ఈ వీసా రాదు. వంట చేసుకోగలిగే మనిషికి ఇవ్వరు. అలాగని ఊరుకోవద్దు. అమ్మ ఆరోగ్యం గురించిన కాగితాలన్నీ ఇప్పట్నుంచే తేదీల వారీగా దాచు. ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఏ పని చేయలేకపోతోందో చీటీలో రాయమని అడుగు. నడక ఇంకా తగ్గితే సదరం క్యాంపుకు తీసుకెళ్లండి, ప్రభుత్వ డాక్టర్లు ఇచ్చే వైకల్య సర్టిఫికెట్‌కు విలువుంటుంది. పనిమనిషి చేరినా మానేసినా రాసి పెట్టు. తెలుగులో రాసినా ఫర్వాలేదు, తర్వాత సర్టిఫైడ్ ట్రాన్స్‌లేషన్ చేయించుకోవచ్చు.

లాయర్ దగ్గరికి వెళ్తే సొలిసిటరో కాదో చూసుకో. కాకపోతే ఇమ్మిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ (వీసా సలహాదారుల్ని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్‌లో పేరుందో లేదో చూడు. గ్యారంటీగా తెప్పిస్తానన్నవాడికి ఒక్క పౌండ్ కూడా ఇవ్వొద్దు. ముందు ఆ బాత్రూం సంగతి చూడు.

లెస్టర్ నుంచి

అక్కా, అన్నా, అందరికీ దండాలు. మీ పోస్టులు మా ఆవిడా నేనూ రెండుసార్లు చదివాం. పొద్దున అమ్మకు ఫోన్ చేసి లేచినప్పట్నుంచి ఏమేం చేశావో వరసగా చెప్పమన్నాను. జడ తనే వేసుకుంటోంది. అన్నం స్టూల్ మీద కూర్చుని వండుతోంది. గ్యాస్ బండ మార్చడానికి ఎదురింటి వాళ్లను పిలుస్తోంది. మేడ మీదికి వెళ్లి రెండు నెలలైందట, అది నాకు ఇవాళే తెలిసింది. మేస్త్రీతో మాట్లాడాను, రేపు బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు రెండు పెడుతున్నాడు. ఒకటి తలుపు పక్కన, ఒకటి కుళాయి దగ్గర. విజిట్ వీసాకు కాగితాలు ఈ ఆదివారం మొదలుపెడతాను.