రెప్ల్‌లో పనిచేసే ఎవాల్, జార్ ఫైలుగా నడిపితే ఎందుకు విఫలమవుతోంది? (క్లోజర్ భాష)

తక్‌పట్టి_లెక్కలు, హనుమకొండ:

నమస్కారం. ఎనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తిదారు కోసం తక్‌పట్టీలు (రైతుకు ఇచ్చే అమ్మకపు లెక్క చీటీలు) తయారుచేసే చిన్న ప్రోగ్రామును క్లోజర్‌లో రాస్తున్నాను. మిర్చికి, పత్తికి, పసుపుకు మినహాయింపులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి, సూత్రాలను కోడులో కాకుండా ఒక టెక్స్ట్ ఫైలులో ఈ విధంగా ఉంచాను:

(- (* క్వింటాళ్లు ధర) (+ హమాలీ దడువాయి))

(క్లోజర్‌లో గుర్తు ముందు, విలువలు తర్వాత వస్తాయి. దడువాయి అంటే తూకం కూలి.)

ప్రోగ్రాము ఈ వరుసను రీడ్-స్ట్రింగ్‌తో (టెక్స్ట్‌ను కోడు రూపంగా మార్చే ఫంక్షన్) చదివి, లెట్ ద్వారా ఆ పేర్లకు ఆ చోటికే పరిమితమైన విలువలు ఇచ్చి, లోపల ఎవాల్‌ను (ఆ రూపాన్ని అమలు చేసే ఫంక్షన్) పిలుస్తుంది. రెప్ల్‌లో, అంటే కోడు టైపు చేయగానే జవాబిచ్చే విండోలో, జవాబు సరిగ్గానే వస్తుంది. ప్రోగ్రామంతా ఒకే ప్యాకేజీగా కట్టిన జార్ ఫైలుగా నడిపితే మాత్రం లాగ్‌లో ‘సింటాక్స్ ఎర్రర్ కంపైలింగ్’ అన్న వరుస తప్ప మరేమీ కనబడదు. కంపైల్ అయిపోయి నడుస్తున్న ప్రోగ్రాములో సింటాక్స్ లోపం ఎలా వస్తుంది? పైగా సూత్రాలన్నిటినీ మ్యాప్‌తో (ప్రతిదానికీ ఒకే ఫంక్షన్‌ను వర్తింపజేసేది) లెక్కిస్తూ దాని చుట్టూ లోపాన్ని పట్టుకునే ట్రై-క్యాచ్ పెట్టినా, లోపం అక్కడ చిక్కకుండా ప్రింటు చేసే చోట బయటపడుతోంది.

కాజీపేట_జంక్షన్:

ముందుగా అసలు సందేశాన్ని బయటికి తీయండి. 2018 డిసెంబరులో వచ్చిన క్లోజర్ 1.10 వెర్షన్ నుంచి, కంపైలర్ లోపపు పై సందేశంలో అది ఏ దశలో, ఎక్కడ జరిగిందన్నదే ఉంటుంది. కారణం లోపలి పొరలో ఉంటుంది కాబట్టి, ఎక్స్-కాజ్ ఫంక్షన్‌తో దాన్ని అడిగి లాగ్‌లో రాయాలి. అప్పుడు మీ నాలుగు పేర్లలో ఏదో ఒకదాన్ని గుర్తించలేకపోయానని అది చెబుతుందని నా అంచనా. ఎవాల్ అంటేనే ప్రోగ్రాము నడుస్తుండగా కొత్తగా ఒక ముక్కను కంపైల్ చేయడం కనుక, సింటాక్స్ లోపం ఆ సమయంలో రావడంలో వింత లేదు.

ఎవాల్‌కు తనను పిలిచిన చోట ఉన్న లెట్ పేర్లు కనిపించవు. అది నేమ్‌స్పేస్‌లో (పేర్లను గుంపుగా ఉంచే చోటు) డెఫ్‌తో శాశ్వతంగా నిర్వచించిన పేర్లనే వెతుకుతుంది. రెప్ల్‌లో ప్రయత్నిస్తూ అవే పేర్లను ఎప్పుడో డెఫ్ చేసి ఉంటారు, అందుకే అక్కడ పని జరిగింది. ఆ జవాబు కూడా లెట్ విలువలతో కాక, డెఫ్ చేసిన పాత విలువలతో వచ్చి ఉండవచ్చు, సరిచూడండి. జార్‌గా నడిపినప్పుడు ప్రస్తుత నేమ్‌స్పేస్ సాధారణంగా భాష సొంత ఫంక్షన్లుండే క్లోజర్-కోర్ అవుతుంది కాబట్టి, కూడిక, తీసివేతలు దొరుకుతాయి గానీ మీరు రాసుకున్న ఫంక్షన్లు దొరకవు. వాటి అవసరం పడితే నేమ్‌స్పేస్‌తో కలిపి పూర్తి పేరు రాయండి.

పరిష్కారం సులభమే. సూత్రాన్ని నేరుగా ఎవాల్‌కు ఇవ్వకుండా, ఆ నాలుగు పేర్లను పారామీటర్లుగా, సూత్రాన్ని శరీరంగా పెట్టి ఒక ఎఫ్ఎన్ (ఫంక్షన్‌ను తయారుచేసే) రూపాన్ని లిస్టుగా కట్టి, దాన్ని ఒక్కసారే ఎవాల్ చేయండి. దొరికిన ఫంక్షన్‌ను దాచుకుని ప్రతి తక్‌పట్టీకి విలువలతో పిలవండి. ప్రతి వరుసకూ ఎవాల్ చేస్తే ప్రతిసారీ కంపైలర్ పనిచేయాలి, సీజనులో మిర్చి బస్తాలు పోటెత్తినప్పుడు ఆ ఆలస్యం తెలుస్తుంది.

క్యాచ్ సంగతి వేరు. మ్యాప్ సోమరి సీక్వెన్సును ఇస్తుంది, అంటే విలువ అడిగేదాకా లెక్క మొదలే కాదు. ప్రింటు అడిగేసరికి మీరు ట్రై దాటిపోయారు. వెంటనే లెక్క పూర్తిచేసే మ్యాప్‌వీ వాడండి.

తక్‌పట్టి_లెక్కలు:

ధన్యవాదాలు. మిర్చి, పసుపు సూత్రాలు ఇప్పుడు సరిగా నడుస్తున్నాయి. పత్తి సూత్రంలో మాత్రం ‘కమీషన్’ అన్న పేరును గుర్తించలేకపోయానని వస్తోంది. పత్తి కోసం పారామీటర్లలో ఆ పేరు కూడా చేర్చాను, అక్షరం తేడా లేదు.

కరీంనగర్_కీబోర్డు:

కంటికి తేడా లేకపోవచ్చు, కౌంట్ ఫంక్షన్‌తో రెండు పేర్ల పొడవును కొలిచి చూడండి. తెలుగు కీబోర్డులు కొన్ని పొల్లుతో ముగిసే పదాల చివర జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తును చేరుస్తాయి. క్లోజర్ రీడర్ దాన్ని ఖాళీగా లెక్కించదు, పేరులో భాగంగానే తీసుకుంటుంది. అందువల్ల ఫైలులోని ‘కమీషన్’, మీ కోడులోని ‘కమీషన్’ దానికి రెండు వేర్వేరు పేర్లు. యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరపు వేర్వేరు రూపాలను ఒకటిగా మార్చడం) చేసినా ఆ గుర్తు పోదు. చదవడానికి ముందే స్ట్రింగ్ నుంచి తొలగించాలి. వాట్సాప్ నుంచో వెబ్ పేజీ నుంచో కాపీ చేసిన వరుసల్లో నాన్-బ్రేకింగ్ స్పేస్ (ఆ చోట వరుస విరగనివ్వని ఖాళీ) ఉంటే అదీ ఇలాగే పేరుకు అంటుకుంటుంది, దాన్ని మామూలు ఖాళీగా మార్చండి.

పాత_లిస్ప్_అభిమాని:

సూత్రాల ఫైలును అడ్తి దుకాణంలో ఎవరైనా మార్చగలిగితే, అసలు ఎవాల్ వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రీడ్-స్ట్రింగ్ కూడా ప్రమాదకరమే, ఎందుకంటే హ్యాష్, ఈక్వల్ గుర్తులతో మొదలయ్యే రూపాన్ని అది చదువుతుండగానే అమలు చేయగలదు. దేన్నీ అమలు చేయకుండా డేటాగానే చదివే ఈడీఎన్ రీడర్‌తో చదివి, తనను తానే పిలుచుకునే (రికర్సివ్) చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకోండి: సంఖ్య వస్తే అదే జవాబు, పేరు వస్తే పేర్లకు విలువలున్న పట్టికలో వెతకడం, లిస్టు వస్తే మొదటి గుర్తు మీరు అనుమతించిన నాలుగు లెక్క గుర్తుల్లో (కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం) ఒకటైతేనే మిగతా వాటిని లెక్కించి దానికి అందించడం. పది పదిహేను వరుసలకు మించదు. తెలియని పేరు ఎదురైతే ఏ పంట సూత్రంలో ఏ పేరు తప్పిందో గుమాస్తాకు అర్థమయ్యేలా తెలుగులోనే చెప్పవచ్చు. కనిపించని గుర్తుల తొలగింపు మాత్రం ఈ పద్ధతిలోనూ తప్పదు.