వ్యాసం తీసేసి డిజిటల్ స్టోరీ పెడితే పిల్లలకి ఏమన్నా వస్తుందా?

చాక్‌పీసు:
మా స్కూల్లో ఎనిమిదో క్లాసుకి టర్మ్ వ్యాసం తీసేసి డిజిటల్ స్టోరీ పెడదామంటున్నారు. అంటే పిల్లలు స్క్రిప్టు రాసుకుని, సొంత గొంతుతో రికార్డు చేసి, ఫొటోలో బొమ్మలో జత చేసి రెండు మూడు నిమిషాల వీడియో ఇవ్వాలి, మార్కులు కూడా దానికే. స్టాఫ్ మీటింగులో సగం మంది సూపర్ అన్నారు, సగం మంది మొహం చిట్లించారు. చేయించినవాళ్లెవరన్నా ఉంటే చెప్పండి.

ఫిజిక్స్ మాస్టారు:
ఏం రాదండీ. చేయించి చూశాకే చెప్తున్నా. నీటి చక్రం ఇస్తే ఒక గ్రూపు "నేనొక నీటి చుక్కని" అని మొదలెట్టి సముద్రంలోంచి లేచి మబ్బెక్కి వానై పడిపోయింది, వెనకాల ఫ్లూటు. ముచ్చటగానే ఉంది. తీరా పైకెళ్లిన ఆవిరి మళ్లీ నీళ్లెందుకయిందిరా అంటే ఒక్కళ్లు నోరు విప్పితే ఒట్టు. చల్లబడటం అన్న సంగతే స్క్రిప్టులో లేదు, టైటిల్ గుండ్రంగా తిరుగుతూ రావడానికి మాత్రం రెండు పీరియడ్లు పోయాయి. రిచర్డ్ మేయర్ అనే సైకాలజిస్టు మల్టీమీడియా పాఠాల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి చెప్పిందీ ఇదే, సంబంధం లేని మ్యూజిక్కూ హంగులూ పెడితే బుర్రకెక్కేది తగ్గుతుందని.

కథల పిచ్చి:
సార్, మేయర్ ప్రయోగాలు వీడియో చూసి నేర్చుకునేవాళ్ల మీద. ఇక్కడ పిల్లలు చూడట్లేదు, తయారు చేస్తున్నారు, రెండూ ఒకటెలా అవుతాయి? 1990ల్లో కాలిఫోర్నియాలో జో లాంబర్ట్, డేనా ఆచ్‌లీ వాళ్లు మొదలెట్టిన డిజిటల్ స్టోరీ వర్క్‌షాపుల్లో ఎడిటింగ్ కంటే ముందు స్టోరీ సర్కిల్ ఉంటుంది, అందరూ గుండ్రంగా కూర్చుని ఎవరి కథ వాళ్లు పైకి చెప్పాలి, మిగతావాళ్లు ప్రశ్నలడగాలి. మీ నీటి చుక్క అక్కడే దొరికిపోయేది. చాలామంది టీచర్లు ఆ సర్కిల్ని ఎగ్గొట్టి డైరెక్టుగా యాప్ ఓపెన్ చేయిస్తారు, తర్వాత పద్ధతే పనికిరాదంటారు.

లాస్ట్ బెంచ్:
డిజిటల్ స్టోరీకి ఉండాలని ఆ లాంబర్ట్ వాళ్లు చెప్పే ఏడు అంశాల్లో ఎమోషన్ కూడా ఒకటి కదా బ్రో. కిరణజన్య సంయోగక్రియకి ఏడుపెక్కణ్ణించి తెస్తాం?

కథల పిచ్చి:
ఏడవక్కర్లేదు, ఆ ఏడింటిలోనే కథని చివరిదాకా లాక్కెళ్లే ప్రశ్న ఒకటి ఉండాలని కూడా ఉంది. చిన్న మొక్క అంత చెట్టయింది, ఆ బరువంతా ఎక్కడిది? మట్టిది అంటారు చాలామంది. వాన్ హెల్మాంట్ అని 17వ శతాబ్దపు ఆయన విల్లో మొక్కని తొట్టిలో పెట్టి ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోసి తూస్తే చెట్టు 70 కిలోల పైన పెరిగింది, మట్టి తగ్గింది 60 గ్రాములు కూడా లేదు. అంతా నీళ్లే అనుకున్నాడాయన. గాల్లోని కార్బన్ డయాక్సైడ్ సంగతి తర్వాతివాళ్లు తేల్చారు. ఇంతకంటే సస్పెన్స్ ఏం కావాలి?

హోంవర్క్ బాధితురాలు:
టీచర్లందరూ భలే మాట్లాడుతున్నారు గానీ రాత్రి పదకొండింటికి ఆ ఎడిటింగ్ చేసేది ఎవరనుకున్నారు? మేమే. ఇప్పుడు అదీ లేదు, స్క్రిప్టు ఏఐ రాస్తుంది, గొంతు కూడా అదే ఇస్తుంది, మావాడు ఎక్స్‌పోర్ట్ నొక్కుతాడు. ఫోను మంచిది ఉన్నవాళ్ల వీడియో మెరుస్తుంది, మార్కులూ వాళ్లకే. పైగా పిల్లల మొహాలూ గొంతులూ తీసుకెళ్లి పబ్లిక్‌గా ఎందుకు పెడతారో నాకర్థం కాదు, మమ్మల్ని ఒక్క మాట అడగరు.

ఫిజిక్స్ మాస్టారు:
మేడమ్ కరెక్ట్. ఆ విల్లో సంగతి బావుంది, కాదనను. కానీ దానికి వీడియో దేనికి, కాగితం చాలదా?

తెలుగు టీచర్:
కాగితం మీదైతే గైడులోంచి దించేసినా తెలీదు సార్, పైకి చదివితే తెలిసిపోతుంది. ఒకమ్మాయి రికార్డింగులో ఎప్పుడూ ఒకే వాక్యం దగ్గర ఆగిపోయేది, భయమేమో అనుకుని బుజ్జగించారందరూ. అడిగితే పై వాక్యానికీ కింద వాక్యానికీ లింకేంటో తనకే తెలీదు. దాన్ని కొట్టేసి సొంతంగా రాసుకొచ్చాక గడగడా చెప్పేసింది. క్లాసు ముందు నిలబడితే వణికేవాళ్లకి కూడా ఇది నయం, బాలేకపోతే చెరిపేసి మళ్లీ చెప్పుకోవచ్చు. నేనైతే స్క్రిప్టూ రికార్డింగూ క్లాసులోనే, ఇంటికి పంపను. బొమ్మలు ఆరు, అవీ కదలనివి, సొంతంగా గీసినా సరే. మ్యూజిక్ లేదు. స్క్రిప్టు మొత్తం స్క్రీన్ మీద అతికిస్తే మళ్లీ చేయిస్తా. మార్కులు స్క్రిప్టుకీ ప్రశ్నలకి చెప్పిన జవాబులకీ, వీడియో అందానికి సున్నా. వ్యాసాన్ని మాత్రం తీసెయ్యకండి, పేజీ నిండా ఒక వాదన నిలబెట్టడం ఈ మూడు నిమిషాల్లో రాదు.

లాస్ట్ బెంచ్:
మ్యూజిక్ లేదా? మేడమ్ మీ క్లాసుకి నేను రాను.

చాక్‌పీసు:
వీడియో అందానికి సున్నా అంటే మా హెడ్మాస్టరు ఒప్పుకోరు, ఆయనకి యాన్యువల్ డేకి వెయ్యడానికి వీడియోలు కావాలి, అసలు ఐడియా పుట్టిందే అక్కడ. స్క్రిప్టు వినడమే నలభై మందికి ఎన్ని పీరియడ్లవుతుంది మేడమ్?

తెలుగు టీచర్:
నలుగురేసి గ్రూపులు చెయ్యండి, ఒకళ్లు చదువుతారు, ముగ్గురు అడుగుతారు, మీరు తిరుగుతుండండి. రెండు పీరియడ్లలో అయిపోతుంది.

ఫిజిక్స్ మాస్టారు:
ఆ టైటిల్ తిప్పిన రెండు పీరియడ్లే అన్నమాట. సరే, మ్యూజిక్ లేకుండా అంటే ఈసారి ఒక్క చాప్టరుకి చేయిస్తా. మార్కులు మాత్రం వెయ్యను.